జవాబు కోసేసిన పాట

మా ఖాలా గొంతు జహీరాబాద్ బస్టాండు ఎదుటి హోటల్లో మోగుతోందన్న సంగతి ఖాలూనే ఇంటికి మోసుకొచ్చాడు. 1996 చలికాలం. చాయ్ తాగుదామని కూచుంటే టేప్ రికార్డర్లో ఢోలక్ మొదలైందట. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, చెరుకు బండ్లవాళ్లు పగలబడి నవ్వుతున్నారట. రెండో చరణందాకా అది తన భార్య గొంతని ఆయనకే తెలియలేదు. మూడో చరణంలో తన వియ్యపురాలి పేరు వినబడింది. తాగుతున్న చాయ్ వదిలేసి వచ్చాడు.

ముందు ఈ పాటల గురించి చెప్పాలి. తెలుగు పాఠకులకు బతుకమ్మ పాట తెలుసు, వియ్యాలవారి పాట తెలుసు. మా ఇళ్లలో 'ఢోలక్ కే గీత్' అనేవి ఉంటాయని చాలామందికి తెలియదు. ముస్లింల పాట అనగానే ఖవ్వాలీ అనుకుంటారు. సినిమా అట్లా నేర్పింది. ఆకుపచ్చ చాదర్, కళ్లకు సుర్మా, రెండు వరసల చప్పట్లు. కత్తి పట్టని ముస్లిం సినిమాలో ఖవ్వాలీ పాడతాడు, అంతే. మా ఆడవాళ్లు ఏం పాడుకుంటారో ఎవరూ అడగలేదు. మేం కూడా చెప్పుకోలేదు. పరదా వెనక పాట పరదా వెనకే ఉండాలనుకున్నాం.

పెళ్లికి ముందు మాంజా రాత్రి పసుపు కార్యం అయిపోయాక మగవాళ్లను బయటికి పంపి తలుపేస్తారు. ఒకామె మోకాలికింద ఢోలక్ పెట్టుకుంటుంది. ఇంకొకామె చెంచాతో దాని కర్రమీద తాళం వేస్తుంది. పెళ్లికూతురి తరఫువాళ్లు పెళ్లికొడుకు తల్లిని పట్టుకుని ఏకుతారు. సంధన్ (వియ్యపురాలు) నడక, సంధన్ పిసినారితనం, సంధన్ మొగుడి గురక, సంధన్ దర్జీకి జాకెట్టు కొలతలిచ్చిన వైనం. ఇంతకంటే ఇక్కడ రాయను. మా జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. అందుకే మా ఖాలా పాటలో మాట దక్కనీ అయితే దెప్పు తెలుగు, తిట్టు కన్నడం.

ఈ పాటల్లో ఒక ఖాళీ ఉంటుంది. పేరు పెట్టే చోటు. పాట తరాలనాటిదే. ఆ చోట్లో ఆ రాత్రి ఎవరు ఎదురుగా కూచుంటే వాళ్ల పేరు పడుతుంది. పేరు పెట్టకుండా పాడితే అది పాట కాదు, వల్లెవేయడం. ఇంకో సంగతి. తిట్లు తిన్న సంధన్ ఊరికే ఉండదు. ఢోలక్ లాక్కుంటుంది. తన అక్కచెల్లెళ్లను వెనకేసుకుని జవాబు పాడుతుంది. మా చెల్లి (ఖాలా బిడ్డ) మాంజా రాత్రి నేనక్కడే ఉన్నా. 1995 నవంబరు. సంధన్ ఇచ్చిన జవాబుకు మా ఖాలాకు నోట మాట రాలేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తెల్లారి ఇద్దరూ ఒకే తట్టలో తిన్నారు.

ఆ రాత్రి కిటికీ అవతల పట్నం నుంచి వచ్చిన ఒక క్యాసెట్ మనిషి టేప్ నడిపించాడు. దొంగతనంగా కాదు. ఖాలూను అడిగాడు, మూడువందలు ఇచ్చాడు. ఖాలూ ఒప్పుకున్నాడు. లోపల పాడుతున్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఏడాది తర్వాత క్యాసెట్ బజార్లోకి వచ్చింది. ఢోలక్ వెనక పట్నంలో కీబోర్డూ, డ్రమ్మూ కలిపారు. మా ఖాలా పాటలు మూడున్నాయి. సంధన్ జవాబు ఒక్కటి కూడా లేదు. బహుశా గొంతు బాగాలేదనుకున్నారేమో. టేపులో చోటు చాల్లేదేమో.

మగవాళ్ల మధ్య, హోటల్లో, లారీల్లో ఆ సంధన్ పేరు మోగింది. ఆమె భర్త విన్నాడు, కొడుకు విన్నాడు. మా చెల్లిని పుట్టింటికి పంపించారు. ఏడు నెలలుంది మా దగ్గర. ఖాలా వెళ్లి సంధన్ కాళ్లమీద పడింది. ఆమె అన్న మాట నాకు ఖాలానే చెప్పింది: "నువ్వు తిట్టినందుకు కాదు బహెన్. నేనేం తక్కువ తిట్టిన్నా? నా జవాబు యాడపోయింది?"

ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్న గురించే.

జానపదం, బజారు పాట. ఈ రెంటికీ తేడా ఏమిటని అడిగితే మనవాళ్లకు మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి పాతది, రెండోది కొత్తది అంటారు. మా ఖాలా పాటల్లో సగం బాణీలు సినిమావే. 'మొఘల్-ఎ-ఆజం' (1960) నుంచి, 'పాకీజా' (1972) నుంచి. టాకీసులో విన్న బాణీ వారం తిరిగేసరికి మాంజాలో సంధన్‌ను తిట్టడానికి పనికొచ్చేది. జానపదం బజారు పాటను ఎన్నడూ అంటరానిదనుకోలేదు. దొరికింది దొరికినట్టు మింగి తనలో కలుపుకుంది. పండితులే దానికి మడి కట్టారు.

జానపదం స్వచ్ఛమైనదీ, జనం నోట తానై పుట్టిందీ అంటారు. మా దక్కన్లో ఆడవాళ్లు తిరగలి తిప్పుతూ పాడిన 'చక్కీనామా'ల సంగతి చూడండి. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1970ల్లో వీటిమీద రాశాడు. బీజాపూర్ సూఫీ పరంపరల వాళ్లు దక్కనీలో వీటిని కట్టారు. తిరగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి అల్లా పేరు చెప్పారు. జొన్నలు విసురుకునే ఆడవాళ్ల నోటికి దీన్‌ను అందించారు. అంటే పైనుంచి వచ్చిన పాటే. ఏదో ఒకటి వ్యాపింపజేయాలని వచ్చిన పాటే. ఇవాళ్టి మాటల్లో ప్రచారం. కానీ విసురుకునే ఆమె దాన్ని తీసుకుని, తన కష్టం కలిపి, అత్త పోరు కలిపి, ఇంకోలా మార్చి పాడింది. మార్చొద్దని సూఫీ వచ్చి చెయ్యి పట్టుకోలేదు.

మూడోది, జానపదం ఉచితం, బజారు పాట అమ్ముడుబోయేది అంటారు. ఇది కడుపు నిండినవాళ్ల మాట. రంజాన్‌లో తెల్లవారుజామున డఫ్ కొడుతూ సహరీకి లేపే ఫకీరు ఈద్ రోజు ఇంటింటికీ వచ్చి తన వాటా తీసుకుంటాడు. డప్పు కొట్టే మాదిగ, కథ చెప్పే బుడగజంగం, ఎవరూ పుణ్యానికి పాడలేదు. పాటకు కూలి ఇవ్వడం పాపమైతే ఆ పాపం మొదటినుంచీ ఉంది. కూలి సరిగా ఇవ్వకపోవడం దానికంటే పాత పాపం.

మరి తేడా ఎక్కడుంది? ఎదురుగా ఎవరున్నారన్న దాంట్లో ఉంది. వినేవాళ్లు లేచి ఢోలక్ లాక్కోగలరా లేదా అన్న దాంట్లో ఉంది. మాంజా గదిలో పాట ఒకరిని ఉద్దేశించింది. వాళ్లు అక్కడే ఉన్నారు, ఇంకో పాటతో లేచారు. హోటల్లో అదే పాట, అదే గొంతు, ఇంకా గట్టిగా వినిపిస్తోంది. ఉద్దేశించిన మనిషి అక్కడ లేదు. ఉన్నవాళ్లు ఆమెను ఎన్నడూ చూడలేదు. పేరు మాత్రం మిగిలింది. సరసం నిందగా మారడానికి ఒక్క అక్షరం మార్చనక్కర్లేకపోయింది.

దీని వెనక ఇంకో సంగతి చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే. క్యాసెట్ శత్రువు కాదు. 1980ల్లో టీ-సిరీస్ లాంటి కంపెనీలు క్యాసెట్ ధర దించేశాకే, హెచ్.ఎం.వి. ఎన్నడూ పట్టించుకోని ఊళ్ల పాటలు, చిన్న భాషల పాటలు రికార్డయ్యాయి. పీటర్ మాన్యుయెల్ 1993లో 'క్యాసెట్ కల్చర్' అని పెద్ద పుస్తకమే రాశాడు. మా పాత మెదక్ జిల్లా తూప్రాన్ మనిషి గద్దర్ పాట ఊరూరా చేరిందీ క్యాసెట్‌తోనే. ఆయనా జనం బాణీ తీసుకుని అందులో కొత్త మాట పెట్టినవాడే. ఎవరూ దాన్ని దొంగతనమనలేదు. కానీ అవే క్యాసెట్లు 1990 నాటికి అయోధ్య పేరున మమ్మల్ని తిట్టే ఉపన్యాసాలనూ, పాటలనూ మోశాయి. ఎవరికి అందిస్తే వారి గొంతు మోసే గాడిద అది. గాడిదను కొట్టి లాభం లేదు.

ఇప్పుడు క్యాసెట్ పోయింది. మెమరీ కార్డులో పాటలెక్కించే దుకాణాలు వచ్చి పోయాయి. యూట్యూబ్, డీజే ఉన్నాయి. ఈ పదేళ్లలో కొన్ని ఊరేగింపుల్లో మసీదు ముందుకొచ్చి ఆగే డీజే పాటలు మీరూ వినే ఉంటారు. కునాల్ పురోహిత్ 2023లో అచ్చేసిన 'హెచ్-పాప్' పుస్తకం ఈ పాటల గురించే. వాటిని విన్నప్పుడల్లా నాకు మా ఖాలా పాట గుర్తొస్తుంది. వాటిలోనూ ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీలో మా పేరు పెట్టారు. అదీ దెప్పే పాటే, నలుగురూ కలిసి నవ్వుకునే పాటే. మేం లేచి ఢోలక్ లాక్కునే వీలు మాత్రం లేదు. లాక్కుంటే అది జవాబు పాట కాదు, కేసు.

ఇక మావైపు చూసుకుందాం. 1994లో వచ్చిన 'మోహ్రా' సినిమా పాట దేశమంతా మోగింది. దాని మూలం నుస్రత్ ఫతే అలీఖాన్ పాడిన ఖవ్వాలీ, సెహ్వాన్ షరీఫ్‌లో ఉన్న లాల్ షహబాజ్ ఖలందర్ మీది భక్తి. ఖలందర్ పేరున్న చోట ఒక ఆడమనిషిని పెట్టారు. అది కూడా 'వస్తువు' అని పిలిచి. మా పెద్దలకు కోపమొచ్చింది, నిజమే. కానీ నుస్రత్ కూడా 1990లో బ్రిటన్ కంపెనీకి అదే ధోరణిలో 'మస్త్ మస్త్' ఆల్బమ్ చేశాడు. అందులో పాటను మాసివ్ అటాక్ వాళ్లు రీమిక్స్ చేస్తే లండన్ కుర్రాళ్లు ఎగిరారు. అప్పుడెవరికీ ఖలందర్ గుర్తు రాలేదు. పీర్ పేరు తీసి ఆడదాన్ని పెడితేనా మన కోపం, పీర్ పేరు ఉంచి అమ్మితే పర్వాలేదా? దర్గాకు పోవడమే తప్పనేవాళ్లు కూడా అప్పుడు ఖలందర్ కోసం కోప్పడ్డారు. అదొక తమాషా.

పీర్ల పండగ దగ్గర ఇది ఇంకా కఠినంగా కనిపిస్తుంది. తెలంగాణ పల్లెల్లో మొహర్రం ముస్లింల ఒక్కరిదే కాదు. చాలా ఊళ్లలో పీర్లనెత్తేది బీసీలు, దళితులు. అలావా (అగ్నిగుండం) చుట్టూ తిరుగుతూ పాడే అసోయ్ దూలా పాటలు తెలుగు పాటలు. అందులో 'దూలా' అంటే దూల్హానే, పెళ్లికొడుకు ఖాసిమే అని మా పెద్దవాళ్లు చెప్పేవారు. కర్బలా యుద్ధం (క్రీ.శ. 680) ముందు పెళ్లయి, ఆ వెంటనే చనిపోయాడని జనం నమ్మే ఖాసిం. అరబ్బు ఎడారిలో పోయిన పిల్లాడికోసం మంజీరా ఒడ్డున మాలమాదిగలు తెలుగులో పాడారు. దీన్ని ఏ మతం కింద రాసుకోవాలో నాకిప్పటికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ కనిపించదు.

ఈ పాటమీద రెండు వైపులనుంచి ఒత్తిడి వచ్చింది. ఒకవైపు మాలోని సంస్కర్తలు. ఇది బిద్అత్ (మతంలో లేని కొత్త పోకడ), మానండి అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మా ఊరి పిల్లలకు చదువు చెప్పినవాళ్లు, కరోనా కాలంలో బియ్యం పంచినవాళ్లు. కానీ వాళ్ల మాట విని ముస్లింలు అలావా దగ్గర్నుంచి తప్పుకున్న ఊళ్లున్నాయి. రెండోవైపు డీజే వచ్చింది. అసోయ్ దూలా రీమిక్సులు యూట్యూబ్‌లో వరసగా ఉన్నాయి. అలావా చుట్టూ గుండ్రంగా తిరిగేవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఒకరందుకుంటే ఇంకొకరు పలికేవాళ్లు. డీజే పెట్టాక అందరి మొహాలూ స్పీకర్ వైపు తిరుగుతాయి. స్పీకర్ పాడుతుంది, వీళ్లు ఎగురుతారు. చావు పాటకు ఎగురుతున్నామని కొందరికి తెలుసు, కొందరికి తెలియదు.

ఇంకా విచిత్రం పెళ్లిళ్లలో. ఢోలక్ హరామ్ అని మాన్పించిన ఇళ్లలోనే ఫంక్షన్ హాల్లో డీజే ఉంటుంది. ఆడవాళ్లు గది తలుపేసుకుని పాడుకుంటే తప్పయింది. కూలికి తెచ్చిన యంత్రం పాడితే రివాజయింది. ఎందుకని మా తమ్ముణ్ణి అడిగితే, "అది ఎవరి గొంతో మనకేం తెలుసు ఆపా" అన్నాడు. ఎవరి గొంతో తెలియకపోవడమే దాని సుఖం.

తెలుగు జానపదం పేరుతో జరిగే వ్యాపారంలో మా పాటకు అసలు అరే లేదు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు, దాన్ని ముందే సేకరించి టీవీలో పాడిన అమ్మాయికి పేరు దక్కాలని పెద్ద చర్చ నడిచింది. నడవాల్సిందే. ఆ ఏడాదే 'భీమ్లా నాయక్' పాటతో పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య ఇంటింటికీ తెలిశాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తూ కనిపించిన సంగతీ పత్రికల్లో చదివాం. సినిమా లేకపోతే కిన్నెర పేరు మా పిల్లలకు తెలిసేది కాదు. సినిమా తర్వాత కూడా కిన్నెర అన్నం పెట్టలేదు. రెండూ నిజాలే. మా ఢోలక్‌కు ఈ రెండు నిజాల్లో ఒక్కటి కూడా దక్కలేదు. అది ఉర్దూ అని తెలుగువాళ్లు పక్కనబెట్టారు. అది నాటు దక్కనీ అని ఉర్దూ పెద్దలు నవ్వారు. గజల్ చదివే ఇంట్లో మా ఖాలా భాష మాట్లాడితే ఇప్పటికీ నవ్వుతారు.

చట్టం ఏమంటుంది? 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ 1995 మేలో అమల్లోకి వచ్చి, పాడేవాళ్లకు తమ ప్రదర్శనమీద హక్కునిచ్చింది. 2012 సవరణ రాసేవాళ్లకూ బాణీ కట్టేవాళ్లకూ రాయల్టీలో వాటా ఇచ్చింది. ఆ లెక్కన ఆ నవంబరు రాత్రి మా ఖాలాకు హక్కుంది, తనకే తెలియదు. సరే, ఆమె కోర్టుకెళ్లి గెలిచిందే అనుకుందాం. డబ్బు వస్తుంది. పేరు పడుతుంది. సంధన్‌కు ఏమొస్తుంది? పాట పాడినవాళ్ల గురించి చట్టం ఆలోచించింది. పాటలో ఉన్నవాళ్ల గురించి ఆలోచించలేదు. జానపదంలో పాడినవాళ్లూ, పాటలో ఉన్నవాళ్లూ ఒకే చాపమీద కూచుంటారన్న సంగతి అది రాసినవాళ్లకు తట్టి ఉండదు.

మా ఊరి పక్కనే ఇంకో దారి కూడా చూశాం. పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు మాచునూర్‌లో రేడియో పెట్టారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు అన్నది. 1998లో యునెస్కో సాయంతో స్టూడియో వచ్చింది కానీ లైసెన్సు రాలేదు. పదేళ్లు టేపుల్లో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబర్ 15న 90.4 మీద సంఘం రేడియో గాల్లోకొచ్చింది. ప్రారంభించింది ఆ 1995 తీర్పు ఇచ్చినవాళ్లలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్. విత్తనం పాట, కలుపు పాట, పండగ పాట పెట్టారు. అది చుట్టూ పాతిక కిలోమీటర్లు వినబడే రేడియో. 'అంతేనా' అని పట్నం మిత్రులు పెదవి విరిచారు. నాకు మాత్రం ఆ పాతిక కిలోమీటర్లే నచ్చాయి. పాటలో తన పేరు విని కోపమొచ్చిన మనిషి మర్నాడు పొద్దున ఆటో ఎక్కి స్టూడియోకొచ్చి తిట్టగలిగే దూరం అది. కావాలంటే మైకు ముందు కూచుని తన జవాబు పాడగలదు.

ఇట్లా చెప్తే, పాటను ఊరు దాటనీయొద్దంటున్నానని మీరనుకోవచ్చు. అనను. పాట ఊరు దాటకపోతే చస్తుంది. మా ఇంట్లో అది చచ్చిపోతూనే ఉంది. ఖాలా పోయింది. ఢోలక్ తోలు ఎలుకలు కొట్టాయి. ఆమె పాటలన్నీ తెలిసింది ఇక మా అమ్మీకి ఒక్కదానికే. 81 ఏళ్లు. పాట దాచాలంటే రికార్డు చెయ్యాలి. రికార్డు చేస్తే పాట ఇంకెవరిదో అవుతుంది. ఈ రెంటి మధ్య నేనింకా తేల్చుకోలేదు.

పోయినేడు చెల్లి కూతురి పెళ్లికి ముందు నేనూ ఆ పిల్లా కలిసి అమ్మీని కూచోబెట్టాం. పుట్టింట్లో ఏడు నెలలు ఏడ్చిన మా చెల్లి కూతురే. రెండు ఫోన్లు పెట్టాం. స్టీలు డబ్బా బోర్లించి ఢోలక్ చేశాం. అమ్మీ గొంతు సవరించుకుంది, రెండు దెబ్బలు వేసింది, ఆగింది.

"కిస్కా నామ్ డాలూఁ?" అంది. ఎవరి పేరు పెట్టాలె?

ఎవరి పేరైనా పెట్టు నానీ, ఊరికే పాడు అంది పిల్ల. ఊరికే ఎట్ల పాడతరే అంది అమ్మీ. పేరు లేకుంటే పాట కాలు కింద పెట్టదంట. చాలాసేపు నచ్చజెప్పాం. చివరికి ఏమనుకుందో, ఆ పాత సంధన్ పేరే పెట్టింది. ఆమె పోయి పదేళ్లయింది. ఖాలా పాట మొత్తం పాడింది. పాడి ఆపలేదు. గొంతు మార్చి, పక్కకు తిరిగి కూచుని, ఆ రాత్రి సంధన్ ఇచ్చిన జవాబు కూడా పాడింది. నాలుగు చరణాలు. ఒక్కమాట మరిచిపోలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఎక్కడ దాచిపెట్టుకుందో. మా చెల్లి తలుపు దగ్గర నిలబడి వింటోంది. లోపలికి రాలేదు.

పాడటం అయిపోయాక అమ్మీ ఫోన్ల వైపు చూసి తుడిచెయ్యమంది. నేను నా ఫోన్లోది అక్కడే తుడిచేశాను. పిల్ల ఫోన్లోది ఉంది. ఎవరికైనా పంపిందా అని రెండుసార్లు అడిగాను. నవ్వుతుంది గానీ చెప్పదు.